ఫెర్న్‌రెన్ గొంతు తెలుపా, పసుపా

ఆస్ట్రేలియాలోని ఉత్తర క్వీన్స్‌లాండ్‌లో కెయిర్న్స్ ఊరికి వెనక కొండలున్నాయి. ఆ కొండల మీది వర్షారణ్యంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా కనిపించని పక్షులు కొన్ని ఉన్నాయి. వాటిలో ఒక్కటి తప్ప అన్నీ చూశాను. ఆ ఒక్కటి ఫెర్న్‌రెన్.

నాకప్పుడు డెబ్భై నాలుగేళ్ళు. ఎడమ మోకాలు మార్చి రెండేళ్ళయింది, కుడి మోకాలు వరసలో ఉంది. తడిసిన చెట్ల వేళ్ళ మీద ఆ అడవిలో నడవడం ఇక ఒక్కసారేనని సర్జన్ అనలేదు. ఆయన మొహం చూసి నేనే లెక్క వేసుకున్నాను.

ఫెర్న్‌రెన్ పిచ్చుక కంటే చిన్నది. ముదురు గోధుమ రంగు. కొండల పైభాగంలో, ఎండ పడని చోట, ఫెర్న్ మొక్కల కింద ఎండుటాకుల్లో దూరి పురుగులు ఏరుకుంటుంది. మనిషి అలికిడి అయితే కనిపించదు. గుర్తులు మూడు: కంటి మీద తెల్లగీత, తెల్లని గొంతు, గొంతు కింద నల్లపట్టీ. చిక్కు ఏమిటంటే, అదే నేల మీద అదే చీకట్లో పసుపు గొంతు స్క్రబ్‌రెన్ అనే ఇంకో పక్షి కూడా తిరుగుతుంది. దానికీ కంటి మీద లేతరంగు గీత ఉంటుంది. వెనక నుంచి చూసి, అవసరమైనంత ఆశ ఉంటే, దేన్ని దేనిగానైనా అనుకోవచ్చు. అందుకని గొంతు చూడాలి. గొంతు చూడకుండా ఫెర్న్‌రెన్ చూశామనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళతో నాకు పేచీ లేదు, మాటల్లేవు.

నేను ముప్పై ఒక్క ఏళ్ళు సిడ్నీలో ఒక లేబొరేటరీలో రక్తం స్లైడులు చదివాను. స్లైడులో లేని కణాన్ని రిపోర్టులో రాయలేదు. పక్షుల విషయంలో కొత్తగా మారవలసిన అవసరం కనిపించలేదు.

ఈ పక్షి కోసం అంతకుముందు రెండుసార్లు వెళ్ళాను, 2016 ఆగస్టులో, 2019 సెప్టెంబరులో. అది సన్నగా, పొడుగ్గా ఈల వేస్తుందని పుస్తకాల్లో ఉంది. రెండుసార్లూ ఎంత కాచుకుని కూర్చున్నా ఆ ఈల వినపడలేదు. ఈల లేదు కాబట్టి ఆ రోజుల్లో ఆ దారిలో పక్షి లేదని నిర్ధారించుకుని తిరిగి వచ్చాను.

మూడోసారి వెళతానంటే మా అమ్మాయి అడ్డుపడింది. తను సిడ్నీలోనే క్వేకర్స్ హిల్‌లో ఉంటుంది, పళ్ళ డాక్టరు. నేను బ్లాక్‌టౌన్‌లో ఒక్కదాన్నే ఉంటాను.

"అమ్మా, ఒంటరిగా రెయిన్‌ఫారెస్ట్‌కి నో. మొన్న కార్ పార్క్‌లోనే జారావు."

"కార్ పార్క్‌లో నూనె ఒలికి ఉంది. అడవిలో నూనె ఉండదు."

"నో అంటే నో. అత్తయ్యను తీసుకెళ్ళు. షి నీడ్స్ ఎ బ్రేక్ టూ."

అత్తయ్య అంటే మా అల్లుడి తల్లి, నాకు వియ్యపురాలు. కరీంనగర్ మనిషి. పదకొండేళ్ళుగా కొడుకు దగ్గరే, క్వేకర్స్ హిల్‌లోనే ఉంటున్నారు. నాకంటే ఆరేళ్ళు చిన్న. ఆరోగ్యం మంచిది, మనసు మంచిది. మాట్లాడతారు. నిద్ర లేచిన దగ్గర నుంచి మాట్లాడతారు. ఎదురుగా మనిషి ఉండక్కర్లేదు, మైక్రోవేవ్ తిరుగుతుంటే చాలు. అలికిడికి కనిపించకుండా పోయే పక్షి దగ్గరికి తోడు తీసుకెళ్ళడానికి ఈవిడ కంటే తగనివాళ్ళు న్యూ సౌత్ వేల్స్ అంతటా ఉండరు. కానీ ఖాళీగా ఉన్నది ఆవిడ ఒక్కరే.

ఆలోచించి పంచాంగం తీశాను. ఆవిడకు ఒక ఆచారం ఉంది, తల్లి దగ్గర నుంచి వచ్చినది. అమావాస్య సోమవారంతో కలిసిన రోజు తెల్లవారింది మొదలు సంధ్యదీపం పెట్టేదాకా మౌనం. 'ఊఁ' అని కూడా అనరు, రాసి చూపించరు. అలాంటి రోజులు ఏడాదికి రెండో మూడో వస్తాయి. 2023లో జూలై 17 సోమవారం ఒకటి. ఇండియా టైముకు నాలుగున్నర గంటలు కలిపి చూసినా, క్వీన్స్‌లాండ్‌లో ఆ రోజు సూర్యోదయానికీ సూర్యాస్తమయానికీ అమావాస్యే. పదిహేనున వెళ్ళి పద్దెనిమిదిన తిరిగి వచ్చేలా టికెట్లు తీశాను.

"ఏంది వదినా, నా మౌనం నాడే దొరికిందా మీకు అడవి?" అన్నారు ఆవిడ.

"ఆ వారం టికెట్లు చవగ్గా ఉన్నాయి," అన్నాను. చవగ్గానే ఉన్నాయి. నేను అబద్ధం ఆడను.

కొండ మీద వంటగది ఉన్న చిన్న కాటేజీ తీసుకున్నాం. ఆదివారం పొద్దున దారి చూసుకోవడానికని అడవిలోకి వెళ్ళాం. ఆవిడ చీర మీద మా అల్లుడి జాకెట్ వేసుకుని, తలకు మంకీ క్యాప్ పెట్టుకుని వచ్చారు. ఆ ఆదివారం మేము చూసిన పక్షులు లేవు. ఎదురుగా కెమెరాలతో వస్తున్న దంపతులు ఇద్దరు మమ్మల్ని చూసి మర్యాదగా నవ్వి, వచ్చిన దారినే వెనక్కి వెళ్ళిపోయారు.

"వదినగారూ, కొంచెం మెల్లగా."

"ఇంకెంత మెల్లగ నడవాలె? చీమ నా కంటె ముందు పోతున్నది."

"నడక కాదు. మాట."

"మాట్లాడకుంటె గింత చీకట్ల భయం గాదా? పులి గిట్ల ఉంటే?"

"ఆస్ట్రేలియాలో పులులు లేవు."

"మీకు కనబడలేదేమో. మీరు చూస్తెనే ఉన్నట్టా ఏంది?"

దీనికి నా దగ్గర జవాబు ఉంది. పొడుగైన జవాబు. అప్పటికే ఆవిడ ఒక చెట్టు మొదలు చూసి, అలాంటి మొదలే తమ మేనమామ పెరట్లో ఉండేదని మొదలుపెట్టారు.

సోమవారం తెల్లవారుతుండగా బయలుదేరాం. కార్లో నిశ్శబ్దం. పదకొండేళ్ళలో ఆవిడ పక్కన కూర్చుని ఇండికేటర్ చప్పుడు వినడం నాకు అదే మొదలు.

అడవిలో ఇంకా మసకగానే ఉంది. ఆకుల మీద నుంచి రాత్రి మంచు నీళ్ళు కారుతున్నాయి. మెలికలు తిరిగిన ముళ్ళతీగలు జాగ్రత్తగా దాటుకుంటూ, ఫెర్న్ మొక్కలు గుబురుగా ఉన్న ఒక పల్లంలో ఆగాం. ఆవిడ కోసం మడత స్టూలు తెచ్చాను. దాని మీద కూర్చున్నారు. నేను కూర్చుంటే ఎవరైనా లేపాలి కాబట్టి చెట్టుకు ఆనుకుని నిలబడ్డాను.

కాసేపటికి ఆవిడ చూపుడువేలు ఎత్తి, ఏమిటన్నట్టు నా వైపు చూశారు.

నేను చుట్టూ చూశాను. ఏమీ లేదు. చలికి వేళ్ళు కొంకర్లు పోయి ఉంటాయనుకున్నాను.

వేలు మళ్ళీ లేచింది. ఈసారి చెవి చూపించారు, ఆ తర్వాత ఫెర్న్ గుబురు చూపించారు. నేను చెవులు రిక్కించి విన్నాను. దూరంగా ఏదో పెద్ద పక్షి అరుస్తోంది. అది కాదన్నట్టు ఆవిడ తల అడ్డంగా ఊపారు. వేలు దించారు. కొద్దిసేపటికి మళ్ళీ ఎత్తారు.

ఎలా ఉంది ఆ చప్పుడు అని సైగతో అడిగాను. ఆవిడ గాలిలో వేలితో ఒక గీత గీశారు. పొడుగ్గా, తిన్నగా, ఎక్కడా వంకర లేని గీత. చివర వేలి కొసను, బొటనవేలి కొసను దాదాపు తాకించి, సన్నగా అని చూపించారు. ఫెర్న్‌రెన్ ఈలను అంతకంటే బాగా ఏ పుస్తకమూ వర్ణించలేదు.

ఆ తర్వాత నేను అడవి వైపు చూడలేదు. ఆవిడ వేలి వైపే చూశాను. అది లేస్తోంది, దిగుతోంది, లేస్తోంది. వేలు లేచినప్పుడల్లా శ్వాస బిగబట్టి విన్నాను. నాకు నీటి చుక్కలు తప్ప ఏమీ వినపడలేదు.

వయసు మీదపడితే చెవికి సన్నని పైస్థాయి ధ్వనులు ముందుగా పోతాయని నాకు తెలుసు. పోయిన సంగతి మనకు తెలియదన్నది మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు. నాకు కుక్కర్ వినపడుతుంది, ఫోన్ వినపడుతుంది, అమ్మాయి గొణుగుడు కూడా వినపడుతుంది. అడవి నిశ్శబ్దంగా ఉందంటే అక్కడ ఏమీ లేదని అనుకున్నాను. 2016 నిర్ధారణను, 2019 నిర్ధారణను అక్కడే నిలబడి రద్దు చేసుకున్నాను. ఇంకో సంగతి కూడా స్పష్టమైంది. మోకాలు ఎన్నిసార్లు మార్చినా, ఈ పక్షిని ఇక నేను ఒంటరిగా వెతకలేను.

వేలు చూపించిన వైపు నాలుగడుగులు వేసి, స్టూలు అక్కడికి మార్చుకున్నాం. అప్పుడు బ్రష్ టర్కీ వచ్చింది. నల్లని ఒళ్ళు, ఎర్రటి బోడి తల, కోడి కంటే పెద్దది. నేల మీది ఆకులను కాళ్ళతో వెనక్కి ఎగజిమ్ముతూ పోవడం దాని పని. సరిగ్గా ఆవిడ స్టూలు ముందు మొదలుపెట్టింది. తడి ఆకులు, మట్టి, ఒక వానపాము ఆవిడ కుచ్చిళ్ళ మీద పడ్డాయి. ఆవిడ పెదవులు బిగించి కూర్చున్నారు. ఆ ఆచారం ఎంత గట్టిదో నాకు అప్పుడు అర్థమైంది.

ఫెర్న్‌రెన్‌లు ఇలా నేల కెలికే పెద్ద పక్షుల వెంట తిరుగుతాయి, కష్టపడకుండా పురుగులు దొరుకుతాయని. టర్కీ వెనక తవ్విన నేల మీద ఏదో కదిలింది. ఎలుకలాగా ఆకుల కింద నుంచి ఆకుల కిందికి పోయింది. బైనాక్యులర్లు ఎత్తేసరికి బయటికి వచ్చింది. ముదురు గోధుమ రంగు వీపు. పొట్టి తోక. కంటి మీద లేతరంగు గీత. నాకు వీపు పెట్టి, ఆవిడకు ఎదురుగా నిలబడింది. రెండుసార్లు తల బాగా కిందికి వంచి ఎత్తింది. నేను చెట్టు దాటి ఒక్క అడుగు పక్కకు వేశాను. అది లేదు.

గొంతు చూడలేదు.

ఆవిడ వైపు తిరిగాను. ఆవిడ కళ్ళు విప్పార్చుకుని, మాటను రెండు పెదవుల వెనక పట్టుకుని కూర్చున్నారు. ఆ పక్షి గొంతు ఏ రంగో తెలిసిన మనిషి ఆ అడవిలో ఒక్కరే ఉన్నారు, ఆవిడ సాయంత్రం దాకా నోరు విప్పరు.

'తెల్లగా ఉందా?' అని అడిగితే తల ఊపేవారు. అడగలేదు. మా లేబొరేటరీలో ఒక పద్ధతి ఉండేది. అనుమానం ఉన్న స్లైడును రెండో మనిషి చేత చదివించేటప్పుడు, మొదటి మనిషి ఏమనుకున్నదీ చెప్పకూడదు. చెబితే రెండో మనిషికీ అదే కనిపిస్తుంది. చెప్పకుండా ఇద్దరికీ ఒకటే కనిపిస్తే అప్పుడే సంతకం. ఇక్కడ నాకు వీపు, కంటిగీత కనిపించాయి. మిగతాది రెండో మనిషి దగ్గర ఉంది. ఆ మనిషిని సాయంత్రం దాకా చెడకుండా కాపాడాలి.

ఇంకా రెండు గంటలు అక్కడే ఉన్నాం. పక్షి మళ్ళీ రాలేదు, వేలు మళ్ళీ లేవలేదు. కాటేజీకి రాగానే పక్షుల పుస్తకాన్ని కారు డిక్కీలో స్పేర్ టైరు కింద పెట్టాను. టేబుల్ మీద ఆ కొండల పక్షుల బొమ్మలతో ఒక కరపత్రం ఉంది, దాన్ని నా దిండు కింద పెట్టాను. గోడ మీది క్యాలెండర్లో జూలై నెలకు చిలుక బొమ్మ, దాన్ని ఉండనిచ్చాను. మధ్యాహ్నమంతా ఆవిడ కుచ్చిళ్ళ మీది మట్టి ఉతుక్కున్నారు. నేను ఒక్క మాట మాట్లాడలేదు. నాకు వ్రతం లేదు, అయినా నోరు జారితే కష్టం.

లోపల మంట వెలిగించవద్దని తలుపు మీద రాసి ఉంది కాబట్టి, పొద్దు వాలగానే ఆవిడ దీపం వరండా మెట్టు మీద పెట్టారు. దణ్ణం పెట్టుకున్నారు. లేచారు.

"గా కోడి నా చీర ఖరాబు చేసింది వదినా!"

ఆ తర్వాత చలి గురించి చెప్పారు. బూట్లలో నీళ్ళు పోయిన సంగతి చెప్పారు. వానపామును చూసి నోరు మూసుకోవడం ఎంత కష్టమో, చిన్నప్పుడు మౌనం నాడే తేలు కనిపించినా వాళ్ళమ్మ ఎలా మాట్లాడలేదో చెప్పారు. నేను పెరుగన్నం కలిపి పెట్టి, ఎదురుగా కూర్చున్నాను.

"వదినగారూ, కోడి వచ్చిన తర్వాత ఏం చూశారో మొదటి నుంచి చెప్పండి."

"అదే చెప్తున్న గద! కోడి వెనుక గింతంత పిట్ట. ఎలుక అనుకున్న ముందుగాల. రంగేం లేదు, పాత చింతపండు రంగు. కంటి మీద సున్నం గీత. గొంతు తెల్లగ, చిన్నపిల్లలు పాలు తాగి మూతి తుడ్సుకోకుంటె ఉంటది సూడున్రి, గట్ల. గా తెలుపు కింద నల్లగ, నల్లపూసలు ఏసుకున్నట్టు. రెండుసార్లు వంగి నాకు మొక్కింది వదినా! వట్టిగ పోలే."

నా గుండె కొట్టుకోవడం నాకు వినపడింది. అది కిందిస్థాయి ధ్వని.

"గొంతు వేరే రంగు ఏదైనా అయ్యుంటుందా? చీకటి కదా."

"ఇంకే రంగైతది? పసుపైతె పసుపు అంట. రోజు కాళ్ళకు రాసుకుంటున్న, పసుపు తెల్వదా నాకు?"

సంతకం పెట్టేయవచ్చు. కానీ ఒక ఇబ్బంది ఉంది. ఆ ఏడాది ఉగాదికి వాళ్ళింట్లో భోజనాలయ్యాక, ఈ పక్షి గురించి ఈవిడకు ముప్పావు గంట చెప్పాను. మూడు గుర్తులూ చెప్పాను. బొమ్మ కూడా చూపించాను. అంటే నా సాక్షి నాలుగు నెలల కిందటే చెడింది. నేనే చెడగొట్టాను. ఆవిడకు అడవిలో కనిపించింది పక్షో, నేను చూపించిన బొమ్మో తేల్చడం ఎలా?

"ఉగాది నాడు ఈ పక్షి గురించి మీకు చెప్పాను. గుర్తుందా?"

"మీరా? ఎప్పుడు?"

"భోజనాలయ్యాక. సోఫాలో. బొమ్మ చూపించాను, తల ఊపారు."

ఆవిడ పెరుగన్నం ముద్ద పళ్ళెంలో పెట్టేశారు. "ఊపిన వదినా. భక్షాలు గట్టిగైనయి, ఎందుకైనయా అని సోంచాయించుకుంట ఊపిన. మీరు పిట్టలు అన్నంక నేనెప్పుడిన్న? పదకొండేండ్లల్ల ఒక్కనాడు ఇనలే. బాధపడతరని చెప్పలే."

నేను ఒక్కమాట మీద ఏదీ నమ్మను. వాళ్ళ పెరటి కంచె మీద కూకబర్రా అనే పక్షి ఒకటి వాలుతుంది. అది పాములు తింటుందని, ఆ కంచె దగ్గరే నిలబడి, నేను ఎన్నోసార్లు చెప్పాను.

"మీ కంచె మీద కూర్చునే పక్షి ఏం తింటుంది?"

"గింజలు."

"పాములు."

"ఛీ! నిజంగనా?" అని ఆవిడ ముద్ద వైపు చూసుకున్నారు.

ఇంకా కొన్ని అడిగాను. అన్నీ తప్పే చెప్పారు. తప్పుల్లో తడుముకోవడం లేదు, నటన లేదు. ఒక మనిషి పదకొండేళ్ళ పాటు తల ఊపుతూ, నొచ్చుకోకుండా, ఒక్క ముక్క లోపలికి పోనివ్వకుండా ఎలా కూర్చోగలదో నాకు ఊహకు అందలేదు. ఫెర్న్‌రెన్ నాది కావాలంటే ఇదంతా నిజం కావాలి. ఇదంతా నిజం కాకపోతే నాకు కొంత గౌరవం మిగులుతుంది, పక్షి మిగలదు.

అప్పుడు అడగక్కర్లేనిది ఒకటి అడిగాను. మా ఆయన 2014లో పోయారు. ఆ చివరి రాత్రి సంగతి ఒకే ఒక్కసారి, వాళ్ళ వంటింట్లో, ఈవిడకు చెప్పాను.

"మా ఆయన పోయిన రోజు సంగతి కూడా వినలేదా?"

"గదెందుకు ఇనను?" ఆవిడ గొంతు తగ్గింది. "హాస్పిటల్ల తెల్లారగట్ల నాలుగింటికి మీరు కాఫీ తెచ్చుకుంటందుకు పోయిన్రు. మంచానికి ఎడమదిక్కు కిటికీ తెరిచి పోయిన్రు, అన్నకు ఉబ్బరిస్తదని. వచ్చేవరకు పానం పోయింది. గా స్టీలు గ్లాసు చేతుల పట్టుకొని మీరు తెల్లారేదాక నిలబడ్డరు, కూసోలే. నర్సు వచ్చి గ్లాసు తీసుకుంది. గది ఇంక మర్వలే వదినా. పిట్టలంటెనే ఇనను."

వివరాలన్నీ సరిగ్గా ఉన్నాయి. గ్లాసు ఒక్కటే తప్పు, అది కాగితపు కప్పు. ఆ తప్పు ఎత్తి చూపలేదు.

కాసేపు ఇద్దరం దీపం వైపు చూస్తూ కూర్చున్నాం. ఆవిడ మాట్లాడలేదు. వ్రతం అయిపోయింది, అయినా మాట్లాడలేదు.

తర్వాత నేను నిర్ణయం తీసుకున్నాను. ఈవిడకు విన్నది గుర్తుంటుంది, వినకూడదనుకున్నది చెవిన పడదు. ఇంతకంటే నమ్మదగిన రెండో మనిషి మా లేబొరేటరీలో కూడా లేదు. 2023 జూలై 17, ఫెర్న్‌రెన్, ఒకటి. వీపు, కంటిగీత నేను చూశాను. గొంతు, నల్లపట్టీ ఆవిడ చూశారు. ఆ కొండల పక్షుల్లో నాకు మిగిలినది లేదు.

"పిట్ట మీదైందా మరి?" అన్నారు ఆవిడ.

"మనదైంది."

"నాకెందుకు? మీరే ఉంచుకోండ్రి."

ఇక చెప్పడానికి అడ్డు లేదు కాబట్టి, డిక్కీ తెరిచి పుస్తకం తెచ్చి, ఆ పక్షి సంగతి మొదటి నుంచి చెప్పాను. కొండ ఏ ఎత్తు దాటాక ఉంటుందో, కిందికి ఎందుకు దిగదో, టర్కీ వెంట ఎందుకు తిరుగుతుందో చెప్పాను. అది మొక్కడం ఆవిడకు కాదని, అలికిడి పసిగట్టినప్పుడు అలాగే వంగుతుందని కూడా చెప్పాను. ఆవిడ ఊఁ అన్నారు. కొంతసేపటికి ఇంకో ఊఁ అన్నారు. తల ఊపుతూ, ఉతికి ఆరేసిన కుచ్చిళ్ళ వైపు చూస్తున్నారు.

నేను ఆపకుండా చివరిదాకా చెప్పాను.